షీటుకి మార్జిన్ ఉంది, మాటకి లేదు

జ్వరం వస్తే చాలామంది మొదట వెళ్లేది డాక్టర్ దగ్గరికి కాదు, వీధి చివర మెడికల్ షాపుకి. "అన్నా, రెండ్రోజుల్నుంచి ఒళ్లు నొప్పులు, కాస్త వేడిగా కూడా ఉంది, ఏదన్నా ఇవ్వు" అనగానే కౌంటర్ అవతలి మనిషి ఒక పారాసిటమాల్ షీటు తీస్తాడు, పక్కన ఒక గ్యాస్ బిళ్ళ పెడతాడు, ఇంకొంచెం గట్టిగా అడిగితే యాంటీబయోటిక్ కూడా వస్తుంది. మొత్తం నిమిషంన్నర పని. టోకెన్ లేదు, ఫీజు లేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్ల సంగతి తీసుకున్నా అంతే, డాక్టర్‌ని మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి చూస్తారు, మందుల షాపతన్ని మాత్రం నెలనెలా చూస్తారు. అంటే మొత్తం వైద్య వ్యవస్థలో మామూలు మనిషికి ఎక్కువసార్లు ఎదురుపడే ముఖం ఇతనిదే. అయినా ఇతను ఏం చదివాడు, అసలు ఫార్మసిస్టేనా, షాపు ఓనరా, పనికి కుదిరిన కుర్రాడా అన్నది చాలామందికి తెలీదు, అడగాలని కూడా తోచదు.

చట్టానికి మాత్రం ఈ విషయంలో ఏ సందేహమూ లేదు. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతుంది. అతని పర్యవేక్షణ లేకుండా అమ్మకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ కూడా చెబుతాయి. కనీసం రెండేళ్ల డిప్లొమా, అంటే డి.ఫార్మసీ, చదివి రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేమ్ కట్టించి షాపులో దేవుడి పటం పక్కన తగిలిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే చాలా షాపుల్లో సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది కానీ అందులో పేరున్న మనిషి షాపులో ఉండడు. సర్టిఫికెట్‌ని అద్దెకిచ్చి వేరే ఉద్యోగం చేసుకునే వాళ్లున్నారన్నది ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికీ కొత్త విషయం కాదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిస్తే ఫోన్ చేసి పిలిపిస్తారు.

దీన్ని ఒట్టి మోసమని కొట్టిపారేస్తే అసలు విషయం అర్థం కాదు. ఫార్మసిస్టు లేకుండా షాపు నడిచిపోతోందంటే, అతను చెయ్యాల్సిన పనికి ఆ షాపులో విలువ లేకుండా పోయిందన్నమాట. అది ఎలా పోయిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పెద్దవాళ్లు ఇప్పటికీ కాంపౌండర్ అనే మాట వాడతారు. డాక్టర్ చీటీ మీద రాసిన పాళ్ల ప్రకారం మందు కలిపి, సీసాలో పోసి, ఎంత మోతాదు తాగాలో తెలిసేలా గళ్లు కత్తిరించిన కాగితం ముక్క సీసాకి అంటించి ఇచ్చేవాడు. ఎర్ర మందు, తెల్ల మందు, ఏదైనా అతని చేతి మీదుగా తయారైందే. చదువు తక్కువైనా చేతిలో ఒక విద్య ఉండేది. కంపెనీలు బిళ్ళల్ని, సిరప్పుల్ని తయారుగా ప్యాక్ చేసి పంపడం మొదలయ్యాక ఆ విద్యకి పని లేకుండా పోయింది. మిగిలిందల్లా ఏ మందు ఏ అరలో ఉందో గుర్తుపెట్టుకోవడం, డాక్టర్ రాత చదవగలగడం. ఆ రెండూ నేర్చుకోవడానికి కాలేజీ అక్కర్లేదు, పదో తరగతి తప్పిన తెలివైన కుర్రాడు ఆరు నెలల్లో పట్టేస్తాడు.

ఈ గండం మన దగ్గరే కాదు, అన్నిచోట్లా వచ్చింది. మందు తయారీ చేతిలోంచి జారిపోయాక ఫార్మసిస్టు అనేవాడు ఎందుకు అన్న ప్రశ్న అమెరికాలోనూ లేచింది. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు ఫార్మసీ ప్రొఫెసర్లు అక్కడ ఒక వ్యాసంలో దానికి సూటిగా జవాబు చెప్పారు: మందు అందించడంతో ఫార్మసిస్టు బాధ్యత తీరిపోదు, ఆ మందు వల్ల రోగికి జరగాల్సిన మేలు జరిగిందా లేదా అన్నది కూడా అతనిదే. ఆ ఆలోచన మెల్లగా మన దాకా వచ్చింది. 2008లో ఆరేళ్ల ఫార్మ్.డి కోర్సు పెట్టారు. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ప్రాక్టీసు రెగ్యులేషన్స్ తెచ్చింది, వాటి ప్రకారం ఫార్మసిస్టు తెల్ల కోటు వేసుకోవాలి, పేరున్న బ్యాడ్జి పెట్టుకోవాలి, చీటీ పరిశీలించాలి, మందు ఎలా వాడాలో రోగికి వివరంగా చెప్పాలి. కాగితం మీద ఇంతకన్నా బాగా రాయలేరేమో. కోట్లు కొన్ని చైన్ షాపుల్లో కనిపిస్తున్నాయి, వివరంగా చెప్పడం మాత్రం ఎక్కడా పెద్దగా కనపడదు.

చెప్పేవాడికి ఏం గిట్టుతుంది అన్న ప్రశ్న ఎవరూ వేసుకోకపోవడమే కారణం. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైల్ షాపుకి 2013 నాటి ఆర్డర్ లెక్కగట్టిన మార్జిన్ 16 శాతం. ఇరవై రూపాయల షుగర్ బిళ్ళల షీటు అమ్మితే షాపుకి మిగిలేది మూడు రూపాయల లోపే. అందులోంచే అద్దె, కరెంటు, ఫ్రిజ్, జీతాలు, ఎక్స్‌పైరీ అయిన సరుకు నష్టం, అన్నీ వెళ్లాలి. ఇప్పుడు ఒక పెద్దావిడ వచ్చి "ఈ బిళ్ళ తిన్నాక వేసుకోవాలా ముందా, ఇది వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయయ్యా" అంటే, ఆగి ఐదు నిమిషాలు మాట్లాడినందుకు అతనికి వచ్చేది సున్నా, ఈలోగా వెనక నిలబడ్డ నలుగురిలో ఇద్దరు పక్క షాపుకి పోతారు. ఇంకా విచిత్రమేంటంటే, "ఈ జలుబుకి యాంటీబయోటిక్ అక్కర్లేదండి, రెండ్రోజులు ఆగండి" అని నిజాయితీగా చెప్పినవాడికి ఆ బేరం పోతుంది, నోరు మూసుకుని ఇచ్చేసినవాడికి మిగులుతుంది. మంచి పని చేస్తే జేబుకి చిల్లు పడే ఏర్పాటు ఇది. మనుషులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, లెక్క అలా ఉంది.

ఆ ఐదు నిమిషాల మాట ఏమంత గొప్ప అని అనిపించొచ్చు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అని ఒక మందు రాస్తారు, అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దానితోపాటు మిగతా రోజుల్లో వేసుకోమని ఫోలిక్ యాసిడ్ రాస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్ళల్లా ఉండొచ్చు. చీటీలో రాసింది అర్థంకాక వారం మందుని రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పే ఉంటాడు, కానీ ఆ టెన్షన్‌లో విన్నది ఇంటికొచ్చేసరికి ఎంత గుర్తుంటుంది? కౌంటర్ దగ్గర కవరు మీద "ఆదివారం మాత్రమే" అని పెన్నుతో పెద్దగా రాసి, ఒకసారి వాళ్ల నోటితోనే చెప్పించుకుంటే చాలు, అదే ఆఖరి అడ్డుగోడ.

అంత ప్రమాదం లేనివీ ఉన్నాయి, అవే ఎక్కువ. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున వేసుకోవాలని చాలామందికి తెలుసు, కానీ దాన్ని వేసుకున్న నాలుగు గంటల దాకా క్యాల్షియం, ఐరన్ బిళ్ళలు వేసుకోకూడదని ఎంతమందికి తెలుసు? అన్నీ ఒకేసారి మింగేసి, టెస్టులో నంబర్ దిగట్లేదని డాక్టర్ చేత పవర్ పెంచించుకుంటారు. ఇన్‌హేలర్‌దీ అదే కథ, నొక్కడమూ ఊపిరి లోపలికి లాగడమూ ఒకేసారి జరగాలి, లేకపోతే మందంతా నాలుక మీదా గొంతులోనే పడుతుంది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరైతే పీల్చాక నోరు పుక్కిలించాలి. దీన్ని చేసి చూపించాలే తప్ప చెబితే రాదు. ఇక మోకాళ్ల నొప్పులు. బీపీకి రెండు మందులు కలిపిన బిళ్ళ వేసుకునే పెద్దాయన, షాపుకొచ్చి చీటీ లేకుండా డైక్లోఫెనాక్ షీటు తీసుకెళ్లి రోజూ రెండు చొప్పున మింగుతుంటే కిడ్నీల మీద పడే భారం ఆయనకి తెలీదు, అడక్కుండానే చెప్పగలిగినవాడు కౌంటర్ వెనక ఉన్నాయన ఒక్కడే, ఎందుకంటే బీపీ బిళ్ళా నొప్పి బిళ్ళా రెండూ ఆ చేతి మీదుగానే వెళ్తున్నాయి.

తామరకి అమ్మే క్రీములైతే ఇంకా అన్యాయం. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపిన ట్యూబులు ఏళ్ల తరబడి చీటీ లేకుండా అమ్ముడుపోయాయి. రాసిన మూడు రోజులకి దురద తగ్గుతుంది, మందు పనిచేసిందనుకుంటారు, మానగానే రెట్టింపై పాకుతుంది, మళ్లీ అదే ట్యూబు. చర్మవైద్యులు గోల పెట్టగా పెట్టగా 2018లో స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ తప్పనిసరి జాబితాలోకి తెచ్చారు. ఇప్పుడు దొరకడం ఆగిందా అంటే, ఏ షాపులోనైనా అడిగి చూడొచ్చు.

పాతకాలం షాపతను దేవుడు, ఇప్పటివాళ్లు వ్యాపారులు అని రాయడం తేలిక, అందరూ రాసేది అదే. అది నిజం కాదు. జ్వరానికి మూడు నాలుగు రకాల గోలీలు షీట్లలోంచి కత్తిరించి, కాగితం పొట్లంలో కట్టి, రెండు పూటలకి ఇంతని ఇచ్చింది ఆ పాత షాపతనే. ఆ పొట్లంలో ఒక నొప్పి బిళ్ళ, ఒక యాంటీబయోటిక్, చాలాసార్లు ఒక స్టెరాయిడ్ ముక్క ఉండేవి, అందుకే అతని "హస్తవాసి" అంత మంచిదని పేరొచ్చింది. పేరు లేని, ఎక్స్‌పైరీ తేదీ లేని ఆ గోలీలు వికటిస్తే ఏం మింగారో ఆసుపత్రిలో చెప్పడానికి కూడా ఆధారం ఉండేది కాదు.

కానీ అతని దగ్గర మూడు విషయాలు ఉండేవి, ఇప్పుడు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఒకటి ఉద్దెర. జీతాలు రాని పదో తారీఖు లోపు, పంట చేతికి రాని నెలల్లో మందు ఆగకుండా చూసింది ఖాతా పుస్తకమే. రెండోది జ్ఞాపకం. ఎవరింట్లో ఎవరికి ఏ మందు పడదో, ఎవరు నెల దాటినా బీపీ బిళ్ళ కోసం రాలేదో అతని బుర్రలో ఉండేది. మూడోది దారి చూపడం: "ఇది నాతో అయ్యేది కాదమ్మా, రేపు పొద్దున్నే ఆ గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు" అని చెప్పే అధికారం, వినే చనువు. బావగారూ, పెద్దమ్మా అని పిలుచుకునే ఊళ్లో ఇది ఒక బంధుత్వం లాంటిదే.

చైన్ షాపులు వచ్చాక లెక్క మారింది. హైదరాబాద్‌లో 2006లో మొదలైన మెడ్‌ప్లస్, అంతకన్నా ముందునుంచీ ఉన్న అపోలో ఫార్మసీ, ఈ రెండూ కలిసి తెలుగు పట్నాల్లో దాదాపు ప్రతి సెంటర్లోనూ బోర్డు పెట్టేశాయి. వాటి వల్ల మేలేమీ జరగలేదనడం అన్యాయం. బిల్లు వస్తుంది, ఫ్రిజ్ పనిచేస్తుంది, నకిలీ మందు భయం తగ్గుతుంది, డిస్కౌంట్ ఉంటుంది. నెలకి మూడు వేల మందులు కొనే కుటుంబానికి పదిహేను శాతం తగ్గితే అది చిన్న మొత్తం కాదు. కానీ కౌంటర్లో నిలబడే కుర్రాడు ఆరు నెలలకొకసారి మారిపోతుంటాడు, వాళ్ల మొదటి ప్రశ్న "మీ ఒంట్లో ఎలా ఉంది" కాదు, "మీ ఫోన్ నంబర్ చెప్పండి". జ్ఞాపకం బుర్రలోంచి సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. నిజానికి సాఫ్ట్‌వేర్ బుర్ర కన్నా బాగా గుర్తుపెట్టుకోగలదు, ఫలానా మనిషికి ఈ రెండు మందులూ కలిస్తే ప్రమాదమని ఎర్ర అక్షరాల్లో చూపించగలదు. మామూలుగా దాన్ని వాడేది మాత్రం "మీ మందులు అయిపోవచ్చాయి, ఆర్డర్ చేయండి" అని మెసేజ్ పంపడానికి.

మందుల యాప్‌లు దీనికి ఇంకో మెట్టు పైన. ఆన్‌లైన్ ఫార్మసీలకి రూల్స్ ముసాయిదా 2018 ఆగస్టులో వచ్చింది, ఆ డిసెంబర్‌లోనే ఢిల్లీ హైకోర్టు ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది, 2020 మార్చిలో కరోనా పేరుతో ఇంటికి మందులు చేర్చడానికి కేంద్రం వీలు కల్పించింది. ఆ ముసాయిదా మాత్రం ముసాయిదాగానే మిగిలిపోయింది, వ్యాపారం దాన్ని దాటి ఎప్పుడో వెళ్లిపోయింది. షాపుల సంఘాలు దీని మీద ధర్నాలు చేస్తుంటాయి, "రోగి భద్రత" అంటుంటాయి. ఆ మాటలో నిజముంది, కాకపోతే తమ కౌంటర్లో ఫార్మసిస్టు లేనప్పుడు ఆ మాట అంత బరువుగా వినపడదు.

ఇంకో విషయం దాదాపు ఎవరూ మాట్లాడరు, అది గుట్టు. రిటైల్ మందుల షాపుకి కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలని రూలు, అంటే సుమారు 108 చదరపు అడుగులు. అరలు, ఫ్రిజ్, కౌంటర్ పోగా రోగి నిలబడేది రోడ్డు మీదే. అటూ ఇటూ పది మంది. అక్కడ నిలబడి గర్భనిరోధక మాత్ర అడగాల్సిన అమ్మాయి, డిప్రెషన్ మందు తీసుకునే కుర్రాడు, మూత్రంలో మంట గురించి చెప్పలేని నడివయసు ఆవిడ. కౌంటర్ వెనక అందరూ మగవాళ్లే అయితే ఇక చెప్పక్కర్లేదు. శానిటరీ ప్యాడ్లని నల్ల కవర్లో చుట్టి ఇవ్వడమే మన షాపులు ఇప్పటిదాకా గుట్టు గురించి చేసిన ఏర్పాటు. నాలుగడుగుల పక్కగది, ఒక స్టూలు, ఒక ఆడ ఫార్మసిస్టు ఉంటే ఎంతమంది నోరు విప్పుతారో! ఫార్మసీ కాలేజీల క్లాసుల్లో ఆడపిల్లలు నిండుగా ఉంటారు, మరి కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతున్నారో ఆలోచించాలి.

ఇక జనరిక్ మందులు. జన ఔషధి కేంద్రాలు 2008లో మొదలయ్యాయి, ఇప్పుడు దేశమంతా వేలల్లో ఉన్నాయి, ధరలు నిజంగానే తక్కువ. అయితే డాక్టర్ ఒక బ్రాండ్ పేరు రాసిస్తే, అందులో ఉన్న మందే తక్కువ ధరకి ఇంకో పేరుతో ఉన్నా, షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) విషయంలో దాన్ని మార్చి ఇచ్చే హక్కు ఫార్మసిస్టుకి లేదు, డ్రగ్స్ రూల్స్‌లో 65(11ఎ) అనే క్లాజు అందుకు ఒప్పుకోదు. డాక్టర్లు జనరిక్ పేరే రాయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో ఒక నిబంధన తెచ్చింది, డాక్టర్ల నుంచి వ్యతిరేకత రాగానే అదే నెలలో పక్కన పెట్టేసింది. డాక్టర్ల భయంలో కొంత న్యాయం ఉంది, బ్రాండ్ పేరు రాయకపోతే ఏ కంపెనీ సరుకు ఇవ్వాలో ఎక్కువ మార్జిన్ చూసుకుని షాపతను నిర్ణయిస్తాడని వాళ్లు అంటారు. అది జరిగే పనే, ఎమ్మార్పీ వందని ముద్రించి షాపుకి పాతికకో ముప్పైకో ఇచ్చే జనరిక్‌లు మార్కెట్లో ఉన్నాయి. మళ్లీ కథ మార్జిన్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. షీటు మీద బతికేవాడి చేతికి షీటు ఎంచుకునే అధికారం ఇవ్వడానికి ఎవరికీ నమ్మకం చాలదు.

ఆసుపత్రి మెట్ల కిందే ఉండే షాపుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆ డాక్టర్ రాసిన మందు ఆ షాపులో తప్ప ఊళ్లో ఇంకెక్కడా దొరకదన్నది తెలుగువాళ్లందరికీ అనుభవమే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకి ఈ గొడవ వచ్చింది, నియమాలు చేసుకోవాల్సింది రాష్ట్రాలేనని కోర్టు వదిలేసింది. అక్కడ ఫార్మసిస్టు డాక్టర్ రాసింది సరిచూసే రెండో కన్ను కాలేడు, క్యాషియర్‌గానే ఉంటాడు.

యాంటీబయోటిక్స్ విషయంలో ప్రభుత్వాలు చేసిందంతా కాగితాల పని. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది, గట్టి యాంటీబయోటిక్స్, టీబీ మందులు, అలవాటు పడే మందులు కలిపి 46 రకాలకి విడిగా రిజిస్టర్ రాయాలి, డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారు అన్నీ ఎక్కించి మూడేళ్లు దాచాలి. 2016లో షీటు మీద ఎర్ర గీత గురించి ప్రచారం చేశారు, ఆ గీత ఉంటే చీటీ లేకుండా కొనొద్దని. గీత అలాగే ఉంది, దాని అర్థం అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో షాపుల మీద ఆకస్మిక తనిఖీలు పెట్టింది, యాంటీబయోటిక్స్‌ని నీలం కవర్లో ఇవ్వాలంది. నీలం కవరు మంచి ఆలోచనే, చదువు రానివాళ్లకి కూడా ఇది మామూలు బిళ్ళ కాదని తెలుస్తుంది. అయినా తనిఖీ అన్నది చెయ్యకూడనిది ఆపగలదు కానీ చెయ్యాల్సింది చేయించలేదు.

అవసరం వస్తే ఈ షాపు ఎంత పనికొస్తుందో ప్రభుత్వాలకీ తెలుసు. 2020 ఏప్రిల్‌లో జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు రాసి పంపమని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మెడికల్ షాపుల్ని ఆదేశించాయి, కరోనా ఎక్కడుందో కనిపెట్టడానికి దగ్గర దారి అదే కాబట్టి. 2018 నుంచి టీబీ మందులు అమ్మే షాపులు ఆ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపాలి, లేకపోతే శిక్ష. అంటే ఆరోగ్య వ్యవస్థకి కళ్లూ చెవులూ షాపే, వ్యవస్థలో భాగంగా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం అది కిరాణా కొట్టుతో సమానం.

ఇంగ్లండ్‌లో దీన్ని ఇంకోలా చూశారు. అక్కడ 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అని ఒక పథకం నడుస్తోంది. గొంతు నొప్పి, చెవి పోటు, సైనస్, పురుగు కుట్టి చీము పట్టడం, ఆడవాళ్లలో మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్ లాంటి ఏడు జబ్బులకి డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేకుండా ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయోటిక్ కూడా ఇవ్వొచ్చు. అందులో గమనించాల్సింది అధికారం కాదు, డబ్బు. మొదలుపెట్టినప్పుడు ఒక్కో రోగిని చూసినందుకు ప్రభుత్వం 15 పౌండ్లు ఫార్మసీకి కట్టింది. మందు ఇచ్చినా కట్టింది, "ఇది దానంతటదే తగ్గుతుంది, మందు వద్దు" అని పంపేసినా కట్టింది. అక్కడ వద్దని చెప్పినవాడికి నష్టం లేదు. ఆ ఒక్క మార్పుతో అక్కడి ఫార్మసీల కష్టాలన్నీ తీరిపోలేదు, మూతపడేవి మూతపడుతూనే ఉన్నాయి. కానీ మాటకి ధర కట్టొచ్చని మాత్రం తేలింది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నలు ఆరు నెలల మందులు సూట్‌కేసులో సర్దుకుని, పైన నాలుగు షీట్లు యాంటీబయోటిక్ కూడా పెట్టుకుని వెళ్తారు, అక్కడ చీటీ లేందే ఇవ్వరని. ఇక్కడ ఎవడైనా ఇస్తాడన్న ధీమా, అక్కడ ఎవడూ ఇవ్వడన్న చిరాకు, రెండూ అదే సూట్‌కేసులో ఉంటాయి.

మన దగ్గర 15 పౌండ్లు కుదరవు, సరే. కానీ ఆరోగ్యశ్రీ లాంటి పథకాల మీద కోట్లు పెట్టే రాష్ట్రాలు, షుగర్ బీపీ రోగుల్ని నెలనెలా పలకరించి, బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో చూసి, రీడింగ్ ఎక్కించే పనికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకి మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తే ఏమవుతుందో ఒక మండలంలో చేసి చూడొచ్చు. ఆ డబ్బు షాపుకి కాకుండా ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ నంబర్ మీద, అతను ఉన్నప్పుడే వస్తుందంటే, సర్టిఫికెట్‌తో పాటు మనిషినీ తెచ్చి కూర్చోబెట్టుకోవడం ఓనర్‌కే లాభం అవుతుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద కమిటీ ఏమీ అక్కర్లేదు.

ఎందుకంటే మనుషులకి కొదవ లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలు కోకొల్లలు, ఈఏపీసెట్ రాసిన ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ ఏటా బి.ఫార్మసీలో చేరుతూనే ఉంటారు. చదువయ్యాక హైదరాబాద్ చుట్టూ ఉన్న కంపెనీల్లో క్వాలిటీ ల్యాబులోనో ప్రొడక్షన్‌లోనో చేరతారు, కొందరు మెడికల్ రెప్ అవుతారు, కొందరు మెడికల్ కోడింగ్‌కి పోతారు, వీలున్నవాళ్లు ఫ్లైట్ ఎక్కుతారు. ఆరేళ్లు చదివి పేరు ముందు డాక్టర్ అని పెట్టుకునే ఫార్మ్.డి పిల్లలు వీధి షాపు వైపు చూడరు. ఒకవేళ ఎవరైనా వెళ్లి ఖాళీ ఉందా అని అడిగితే, ఓనర్ మొదట అడిగే ప్రశ్న ఇప్పటికీ అదే: "సర్టిఫికెట్ పెడతావా, మనిషివి కూడా వస్తావా?" రెండింటికీ రేట్లు వేరు. తేడా ఎంతో విన్నాక చాలామంది సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి వెళ్లిపోతున్నారు.